పాట ఆగాలి... మాట ఆగకూడదు!

గుండె కసరత్తు ఎంత జోరుగా చెయ్యాలో తూచే త్రాసు మీ గొంతులోనే ఉంది

కొండ మీంచి హీరో పరుగెత్తుకొస్తాడు. లోయలోంచి హీరోయిన్ ఎదురొస్తుంది. చేతులు కలుపుకుని గిర్రున తిరుగుతారు, పచ్చగడ్డి మీద దొర్లుతారు, లేచి మళ్లీ పరుగు! పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఇంత జరిగినా ఒక్కరికీ ఆయాసం రాదు. ఒక్క స్వరం తొణకదు!

ఇందులో కిటుకు మీకు తెలియనిది కాదు. పాడినవారు రికార్డింగ్ థియేటర్లో మైకు ముందు కదలకుండా నిలబడి పాడారు. పరుగెత్తినవారు పెదాలు మాత్రం కదిపారు. ప్లేబ్యాక్ పద్ధతి రాకముందు, తొలి టాకీల కాలంలో నటీనటులే సెట్లో పాడుకోవలసి వచ్చేది. మైకుకు అందాలి గనుక పాట మొదలైందంటే పాత్రలు దాదాపు ఉన్నచోటే నిలబడిపోయేవి. మైకు మాట అలా ఉంచితే, పరుగూ పాటా రెండూ ఒకే మనిషి చెయ్యాలంటే ఊపిరి కూడా ఒప్పుకోదు. ఉన్న ఊపిరిని కాళ్లకైనా ఇవ్వాలి, గొంతుకైనా ఇవ్వాలి!

వ్యాయామం చేసే ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ తెలుసుకోవలసిన సూత్రం ఇక్కడే ఉంది. నడక, పరుగు, సైకిలు, తాడాట, ఈత, డాన్సు... గుండెకూ ఊపిరితిత్తులకూ పని పెట్టే ఈ కసరత్తులన్నిటినీ ఇవాళ 'కార్డియో' అంటున్నాం. చాలామంది చేస్తున్నారు. కానీ ఎంత జోరుగా చెయ్యాలి? అసలు చిక్కంతా అక్కడే!

అతి ఒక తప్పు, భయం ఇంకో తప్పు

2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్‌తో కనిపించేసరికి ఊరూరా కుర్రకారు చొక్కా ఎత్తి అద్దంలో చూసుకున్నారు. 2012లో 'పూలరంగడు' కోసం సునీల్ కూడా అదే బాట పట్టేసరికి, కమెడియన్‌గా నవ్వించినాయనకే సాధ్యమైతే మనకెందుకు కాదనుకున్నారు. అనుకోవడం మంచిదే! కానీ తెర మీద మనకు కనిపించేది ఫలితం. దాని వెనక నెలల తరబడి సాగిన శిక్షణ, తిండి లెక్క, నిద్ర లెక్క, పక్కనే ఉండి చూసుకునే శిక్షకుడు... ఇవేవీ టైటిల్స్‌లో పడవు. సినిమా చూసొచ్చిన మర్నాడే ట్రెడ్‌మిల్ ఎక్కి, పక్కవాడి మీటలో అంకె చూసి మన అంకె పెంచుకుంటే వచ్చేది సిక్స్ ప్యాక్ కాదు, మోకాలి నొప్పి! వారం తిరక్కుండా మానెయ్యడం కూడా ఖాయం.

ఇది ఒక రకం. రెండో రకం దీనికి పూర్తిగా తలకిందులు. 2021 అక్టోబరు 29న కన్నడ కథానాయకుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే బెంగుళూరులో గుండె ఆగి మరణించారు. ఆ ఉదయం వ్యాయామం చేశాక నలతగా ఉందని వైద్యుడి దగ్గరకు వెళ్లారని వార్తలొచ్చాయి. దక్షిణాది అంతా కన్నీరు పెట్టుకుంది. జూనియర్ ఎన్టీఆర్ అంతకుముందు 2016లో ఆయన చిత్రం 'చక్రవ్యూహ'కు ఒక పాట పాడారు కూడా. ఆ మరణం తర్వాత ఎంతోమంది కుర్రాళ్లు గుండె పరీక్షలకు పరుగెత్తారు. జిమ్‌కు పంపాలంటేనే జంకిన తల్లులూ ఉన్నారు.

ఒక మనిషి మరణానికి వ్యాయామమే కారణమని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం తప్పు. వైద్యశాస్త్రం చెప్పేది ఏమిటంటే, అలవాటు లేనివాడు ఒక్కసారిగా విపరీతమైన శ్రమకు దిగితే ఆ కాసేపు గుండెకు ముప్పు కొంత పెరుగుతుంది. అదే మనిషి రోజూ క్రమంగా వ్యాయామం చేస్తూ వస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అంటే ప్రమాదం వ్యాయామంలో కాదు, మోతాదు తెలియకపోవడంలో ఉంది. అతిగా చేసేవాడికీ, భయపడి మానేసేవాడికీ కావలసింది ఒకటే... తన మోతాదు తాను పట్టుకోవడం.

ప్రతిజ్ఞ చెప్పి చూడండి!

గొంతు త్రాసుకు మూడే గుర్తులు.

కసరత్తు చేస్తూ హాయిగా పాట పాడగలుగుతున్నారా? అయితే అది తేలిక. ఒళ్లు వేడెక్కించుకోవడానికి సరిపోతుంది, అంతే.

పాట సాగడం లేదు, పల్లవి సగంలో ఊపిరి తెగుతోంది, కానీ పక్కనున్న స్నేహితుడితో నిండు వాక్యాల్లో కబుర్లు చెప్పగలుగుతున్నారా? అది మధ్యస్థం. రోజూ చేసే నడకకు ఇదే అసలైన జోరు.

రెండు మూడు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తోందా? అది తీవ్రం. ఆరోగ్యవంతులు, అలవాటున్నవారు కొద్ది కొద్దిగా చెయ్యొచ్చు. కొత్తవారికి మాత్రం ఇప్పుడే కాదు.

ఇదేదో అరుగు మీద కబురని కొట్టిపారెయ్యకండి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లా క్రాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఫోస్టర్ బృందం ఏళ్ల తరబడి దీన్ని పరీక్షించింది. మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, వేగం పెంచుతూ పోయి, మెట్టు మెట్టుకూ వాళ్ల దేశ ప్రతిజ్ఞను పైకి చెప్పించేవారు. తర్వాత ఒకే ప్రశ్న... హాయిగా మాట్లాడగలుగుతున్నారా అని. అవునంటే మోతాదు లోపలే ఉంది. 'ఆఁ... ఫరవాలేదు' అని నీళ్లు నమిలితే గీత దగ్గరకొచ్చినట్టు. కాదంటే గీత దాటినట్టు. ఊపిరిని యంత్రాలతో కొలిచి చూసినా దాదాపు అదే లెక్క తేలింది.

కారణం కూడా తేలికే. మాట్లాడాలంటే ఊపిరిని నెమ్మదిగా, సాగదీసి వదలాలి. పాడాలంటే ఇంకా ఎక్కువసేపు వదలాలి. శ్రమ ఒక హద్దు దాటేసరికి రక్తంలో పెరిగే బొగ్గుపులుసు వాయువును బయటికి నెట్టడానికి ఊపిరి గబగబా ఆడుతుంది. అప్పుడు సాగదీసే తీరిక ఎక్కడిది? అందుకే ముందు పాట పోతుంది, ఆ తర్వాత మాట పోతుంది.

అన్నట్టు, వాళ్ల ప్రతిజ్ఞతో మనకేం పని? బడిలో రోజూ చెప్పిన మన ప్రతిజ్ఞ ఉండనే ఉంది. 1962లో దాన్ని తెలుగులో రాసింది నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. రేపు పొద్దున నడకలో ఒకసారి దాన్ని పైకి చెప్పి చూడండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, మీ గుండె లెక్క మీకు తేలుతుంది!

తిరుమల మెట్లు ఎక్కినవారికి ఈ పరీక్ష అనుభవంలో ఉన్నదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొదట్లో బృందమంతా పాటలు పాడుకుంటూ ఎక్కుతుంది. ఇంకాస్త పైకి వెళ్లాక పాటలు ఆగి కబుర్లు మిగులుతాయి. నిటారు మెట్ల దగ్గర కబుర్లూ ఆగి, ఒక్క 'గోవిందా' మాత్రం మిగులుతుంది. ఆ మాట కూడా నోట రావడం కష్టమైతే, పక్కన కూర్చుని ఊపిరి తీసుకొమ్మని స్వామి చెబుతున్నట్టే అనుకోండి!

220 కథ ఏమిటి?

జిమ్ గోడ మీద ఒక పట్టిక వేలాడుతుంటుంది. 220 లోంచి మీ వయసు తీసెయ్యండి, అదే మీ గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠం అంటుంది. 20 ఏళ్ల వారికి 200. అందులో సుమారు 64 నుంచి 76 శాతం వరకు, అంటే 128 నుంచి 152 దాకా మధ్యస్థం. 77 నుంచి 93 శాతం వరకు, అంటే 154 నుంచి 186 దాకా తీవ్రం.

లెక్క చక్కగా ఉంది గదా! కానీ దీని పుట్టుక కూడా తెలుసుకోండి. 1971లో అమెరికాలో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు రాసిన వ్యాసంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. అప్పటికున్న కొన్ని పరిశోధనల అంకెలను ఒకచోట పేర్చి, మధ్యగా ఒక గీత గీస్తే వచ్చిన ఉజ్జాయింపు ఇది. 2001లో తనాకా బృందం మరిన్ని అంకెలు పోగు చేసి ఇంకో సూత్రం చెప్పింది. వయసును 0.7తో హెచ్చవేసి, 208 లోంచి తీసెయ్యమంది. 40 ఏళ్ల వారికి రెండు సూత్రాలూ 180 అనే చెబుతాయి. 20 ఏళ్ల వారికి పాత లెక్క 200, కొత్త లెక్క 194. 60 ఏళ్ల వారికి పాతది 160, కొత్తది 166.

సరే, కొత్తదే వాడుకుందామంటారా? అదీ పదిమంది సగటే! మనిషికీ మనిషికీ పది, పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. ఒకే వయసు, ఒకే కాలేజీ, ఒకే బెంచీ... ఒకడి గరిష్ఠం 188, ఇంకొకడిది 208 కావచ్చు. ఇద్దరూ గోడ మీది అంకెనే పట్టుకుంటే ఒకడు గుండెను పిండేస్తాడు, ఇంకొకడు షికారు చేసి ఇంటికొస్తాడు!

ఇంతకంటే మెరుగైన లెక్క ఒకటుంది. ఫిన్లండ్ దేశపు కార్వోనెన్ 1957లో చూపిన దారి ఇది. విశ్రాంతిగా ఉన్నప్పటి నాడిని కూడా ఇందులో కలుపుకుంటాం. పొద్దున లేవగానే మంచం మీద ఉండగానే నాడి చూసుకోండి. 60 ఉందనుకుందాం. గరిష్ఠం 200 అనుకుంటే, మధ్యలో మిగిలింది 140. అందులో 40 శాతం 56. దానికి 60 కలిపితే 116. మధ్యస్థం అక్కడ మొదలవుతుంది. విశ్రాంతి నాడి 80 ఉన్న మీ స్నేహితుడికి అదే లెక్క వేస్తే 128 వస్తుంది. చూశారా, వయసు ఒకటే అయినా మొదటి మెట్టే వేరు!

నాడి పట్టడానికి చూపుడువేలు, మధ్యవేలు వాడండి. బొటనవేలు వద్దు, దాని నాడి దానికే ఉంది. మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి, ఆగిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవెయ్యండి. ఆలస్యమైతే అంకె ఇట్టే దిగిపోతుంది. మెడ దగ్గర రెండు వైపులా ఒకేసారి నొక్కకండి, కళ్లు తిరుగుతాయి.

ఇక చేతి గడియారాల సంగతి. మణికట్టుకు పెట్టుకునే స్మార్ట్‌వాచీ ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి, రక్తం పారే తీరును బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి అదేపనిగా ఊగినా తప్పు చూపొచ్చు. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్తునే పసిగడుతుంది గనుక అంతకంటే నమ్మకం. ఫిన్లండ్‌లో 1977లో పుట్టిన పోలార్ సంస్థ ఇలాంటి తీగలేని పరికరాన్ని 1982లోనే బజారులోకి తెచ్చింది. గడియారం ఉంటే వాడుకోండి, లేకపోతే దిగులు పడకండి. గడియారం ఒక మాట, గొంతు ఇంకో మాట చెబితే మాత్రం గొంతు మాటే వినండి.

అక్కినేని గారూ, బోర్గ్ మెట్లూ

1974లో అక్కినేని నాగేశ్వరరావు గారు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఇక ఆయన స్టెప్పులు చూడలేమేమోనని అభిమానులు బెంగపడ్డారు. ఏమైంది? 1981లో 'ప్రేమాభిషేకం' వచ్చింది, థియేటర్లు ఊగిపోయాయి! 2014 జనవరి 22న కన్నుమూసేదాకా ఆయన నటుడిగానే ఉన్నారు. 'మనం' ఆయన పోయాకే విడుదలైంది. గుండెకు ఆపరేషన్ జరిగినవాడు ఒక మూల కూర్చోవాలన్న మాటను ఆయన జీవితమే కొట్టిపారేసింది.

గుండె జబ్బు తర్వాత వ్యాయామం మొదలుపెట్టేవారికి ఒక చిక్కుంది. నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడుతుంటే ఎంత శ్రమ పడినా అంకె పెద్దగా పెరగదు. అప్పుడు 220 సూత్రం చెల్లని నాణెం! అలాంటివారికి బాగా అక్కరకొచ్చేది స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960ల్లో తయారు చేసిన మెట్ల పట్టిక. 6 నుంచి 20 దాకా అంకెలు. 6 అంటే శ్రమే లేదు, 11 తేలిక, 13 కాస్త కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం, 20 ఇక నా వల్ల కాదు! కాళ్ల బరువు, ఆయాసం, అలసట అన్నీ కలిపి మీకు ఎంత శ్రమగా ఉందో మీరే ఒక అంకె చెప్పాలి. 12 నుంచి 14 మధ్య ఉంటే మధ్యస్థం.

6 దగ్గర ఎందుకు మొదలైందంటారా? ఆరోగ్యంగా ఉన్న యువకుడు చెప్పిన అంకెను పదితో హెచ్చవేస్తే సుమారుగా అతని గుండె వేగం వచ్చేలా ఆయన అలా పేర్చారు. 13 అంటే దాదాపు 130 అన్నమాట. మనిషికి తన శ్రమ తనకే తెలుస్తుందన్న నమ్మకం ఆ పట్టికకు పునాది.

చెమట చెప్పే అబద్ధం

'ఒళ్లంతా తడిసిపోయిందిరా, ఇవాళ కుమ్మేశాను' అనుకునేవారికి ఒక మాట. విజయవాడలో మే నెలలో బస్టాండులో నిలబడినా ఒళ్లు తడుస్తుంది. అది వ్యాయామమా? చెమట వేడికి గుర్తు, జోరుకు కాదు. పైగా ఎండలో ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి కూడా ఎక్కువ రక్తం పంపాలి. అందుకని మాఘమాసపు చలిలో మధ్యస్థంగా ఉన్న పరుగే రోహిణి ఎండలో తీవ్రమవుతుంది. విశాఖ బీచ్ రోడ్డు ఉక్కలోనూ అంతే. వేగం అదే అయినా మాట తెగుతుంటే వేగం తగ్గించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంకో అపోహ 'కొవ్వు కరిగే జోరు'. నెమ్మదిగా చేస్తేనే కొవ్వు కరుగుతుందంటారు. సగం నిజం! దీన్ని కలెక్షన్ల భాషలో చెప్పుకుందాం. చిన్న సెంటర్లో వసూలు 5 లక్షలు, మీ వాటా 60 శాతం అనుకోండి. చేతికొచ్చేది 3 లక్షలు. పెద్ద సెంటర్లో వసూలు 10 లక్షలు, వాటా 40 శాతమే. అయినా చేతికి 4 లక్షలు! నెమ్మదిగా చేస్తే ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ, కానీ మొత్తం వసూలు తక్కువ. బరువు తగ్గాలంటే మొత్తం ఖర్చూ, తిండీ ముఖ్యం. ఎక్కువసేపు, ఎక్కువ రోజులు చెయ్యగలగడమే నెమ్మది నడకకున్న అసలు బలం.

డాన్సు కూడా కసరత్తే!

సినిమా పిచ్చి ఉన్నవారికి శుభవార్త! ఇంట్లో పాట పెట్టుకుని డాన్సు చేసినా గుండెకు లెక్కలోకి వస్తుంది. కానీ ఒక్క జాగ్రత్త. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చాక 'నాటు నాటు' స్టెప్పు వెయ్యని కుర్రాడు లేడు. ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ స్టెప్పులను ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, భవనం ముందు 2021లో వేశారు. 2023లో ఆ పాటకు ఆస్కార్ కూడా వచ్చింది. తెర మీద ఆ పాట ఏకబిగిన సాగినట్టు ఉంటుంది. తీసింది మాత్రం షాటు షాటుగా. కట్ చెప్పగానే ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మీరు ఇంట్లో ఆ పాటంతా ఆపకుండా చేస్తే, ఆ కాసేపటికి మీ పని వాళ్ల పనికంటే కష్టం కావచ్చు! అందుకే ఒక జోరు పాట, వెంటనే ఒక మెలోడీ... ఇలా మార్చి మార్చి చెయ్యండి. జోరు పాట చివర రెండు మూడు మాటలైనా నోట రావాలి. మెలోడీ ముగిసేసరికి మళ్లీ నిండు వాక్యం రావాలి. రాకపోతే ఇంకో మెలోడీ!

నడకకూ పాట సాయపడుతుంది. పెద్దవాళ్లలో నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే అది మధ్యస్థమని, 130 దాకా వెళితే తీవ్రమని అధ్యయనాలు చెబుతున్నాయి. 15 సెకన్లలో 25 అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు. ఆ లయ ఉన్న పాట చెవిలో పెట్టుకుని దెబ్బకొక అడుగు వేసుకుంటూ పొండి. రోడ్డు మీదైతే ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి సుమా!

వారానికి ఒక్క సినిమా

మొత్తం మీద ఎంత చెయ్యాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగా చెయ్యాలి, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్రంగా చెయ్యాలి. 150 నిమిషాలంటే రెండున్నర గంటలు. అంటే ఒక మామూలు తెలుగు సినిమా! ఆ సినిమాను రోజుకు అరగంట చొప్పున అయిదు రీళ్లుగా పంచుకోండి.

కొత్తవారు మొదటి నెల పూర్తిగా మాట సాగే జోరులోనే ఉండండి. మొదటి అయిదు, పది నిమిషాలు పాట వచ్చేంత తేలిగ్గా మొదలుపెట్టి, చివర్లో మళ్లీ పాట వచ్చేదాకా వేగం తగ్గించుకుంటూ రండి. జోరు మీద ఉండగా టక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నెల తర్వాత వారంలో ఒకటి, రెండు రోజులు, ఒకటి, రెండు నిమిషాల చొప్పున తీవ్రం కలపండి. దూరం పరుగెత్తే మేటి క్రీడాకారులే తమ సాధనలో అయిదింట నాలుగు వంతులు తేలికగానే చేస్తారు. మరి మనకు రోజూ యుద్ధం ఎందుకు?

ఛాతీలో నొప్పి, బిగుతు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు బైర్లు కమ్మడం, గుండె గతి తప్పి కొట్టుకోవడం... వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే ఆపెయ్యండి. 'ఇంకో రౌండ్ వేసేస్తే పోతుందిలే' అన్న డైలాగు సినిమాలో బాగుంటుంది, మన గుండెకు వద్దు! ఆగినా తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బుతో పోయినవారుంటే, బీపీ, షుగర్ ఉంటే, పొగతాగే అలవాటుంటే తీవ్రానికి దిగేముందు డాక్టరు గారిని కలవండి. జ్వరం తగిలిన వారంలో జిమ్ జోలికి పోకండి.

పక్క ట్రెడ్‌మిల్ మీద ఎవరెంత వేగంగా పోతున్నారో వాళ్ల గుండెకు సంబంధించిన సంగతి. మీ అభిమాన హీరో ఎంత చేస్తారో ఆయన శిక్షకుడికి సంబంధించిన సంగతి. మీ సంగతి మీ గొంతు చెబుతుంది. ఆరు వారాలు పోయాక, ఇవాళ మాట తెగిన వేగంలోనే నిండు వాక్యం వచ్చిందనుకోండి... అదే మీ గుండె బలపడిందనడానికి గుర్తు. అప్పుడు ఇంకొంచెం వేగం పెంచండి, పాట మళ్లీ ఆగేటంత!